పాప గుసగుసలు ఎక్కడ నేర్చుకుంది?

ప్రశ్న: మాది గుంటూరు. మొన్న విజయవాడ నుంచి వస్తుంటే బస్సులో, నాగార్జున యూనివర్సిటీ దగ్గర ఒక ఆఫ్రికా విద్యార్థి ఎక్కాడు. మా ఆరేళ్ల పాప "అమ్మా, ఈ అన్నయ్య ఎందుకంత నల్లగా ఉన్నాడు?" అని బస్సంతా వినబడేలా అడిగింది. సిగ్గేసి, తొడ మీద గిల్లి నోరు మూయించాను. అప్పట్నుంచి రంగు మాటొస్తే చెవిలో గుసగుసగా అడుగుతోంది. ఏం చెప్పాలి?

జవాబు: పాప అడిగిన దాంట్లో తప్పేమీ లేదండీ. గుండు తాత, ఎర్రచొక్కా అంకుల్ అన్నట్టే కంటికి కనిపించింది అడిగింది, అంతే. మీరు గిల్లాక మాత్రం, నల్లగా ఉండటం పైకి అనకూడనంత చెడ్డ సంగతి కాబోలు అనుకుంది.

2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో పిల్లలతో ఓ ఆట ఆడించారు. కొందరు మనుషుల ఫొటోలు ముందుపెట్టి, వాటిలో ఆట ఆడించేవాళ్లు మనసులో అనుకున్నది ఏదో అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలతో త్వరగా కనుక్కోమన్నారు. నల్లవాళ్లా, తెల్లవాళ్లా అని ఒక్కటి అడిగితే చాలా ఫొటోలు పక్కకు పోతాయి. 8, 9 ఏళ్ల వాళ్లకు అలా అడగడానికి పెద్దగా ఇబ్బంది లేదు, 10, 11 ఏళ్ల వాళ్లు ఆ మాట ఎత్తడానికే జంకి చిన్నవాళ్ల కంటే వెనకబడ్డారు. తెలివి తగ్గి కాదు, ఆ వయసుకి అది అడగకూడదని నేర్చేసుకున్నారు.

మనింట్లో ఇంకో తమాషా. బస్సులో నోరు నొక్కే మనమే పెళ్లిచూపుల నుంచి వచ్చి "పిల్ల బాగానే ఉంది గానీ రంగు తక్కువ" అని పిల్లల ముందే అనేస్తాం. కులమూ అంతే, నేరుగా అడగం, ఇంటిపేరు కనుక్కుని "మనవాళ్లేలే" అని గొంతు తగ్గిస్తాం, ఆ గొంతు ఎక్కడ తగ్గిందో పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ముందు ఆ గిల్లినందుకు పాపకి సారీ చెప్పండి, ఏం చెప్పాలో తెలీక గిల్లానని. తర్వాత మీ చెయ్యి, పాప చెయ్యి, వాళ్ల నాన్న చెయ్యి పక్కపక్కన పెట్టి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఒంట్లో ఎక్కువుంటే నలుపు, తక్కువుంటే తెలుపు, బాగా ఎండలుండే చోట తరతరాలుగా ఉన్నవాళ్లకు మామూలుగా అది ఎక్కువుంటుంది అని మామూలు గొంతుతోనే చెప్పండి. ఎదుటి మనిషిని వేలు పెట్టి చూపించకూడదనీ చెప్పండి, అది రంగుకే కాదు, లావుకీ బట్టతలకీ కూడా. మళ్లీ బస్సులో అలా అడిగితే జవాబు చెప్పేసి, అతను ఇటు చూస్తే ఓ నవ్వు నవ్వండి, చాలు.

ఇంకొకటి. ఆదివారం తలంటేటప్పుడు "శనగపిండి రుద్దితే తెల్లబడతావే" అనేది ఇంట్లో ఎవరో చూసుకోండి. మీరే అయితే మానేయండి, మీ అత్తగారైతే పాప లేనప్పుడు మెల్లగా చెప్పి చూడండి, ఒకటి రెండుసార్లు కోప్పడతారు, ఫర్వాలేదు.