వూలింగ్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వూలింగ్ రాజు జీవితకథ నిదానంగా చదివాను. క్రీ.పూ. 325లో ప్రాచీన చైనాలోని జావ్ రాజ్యానికి రాజు కావడం, హాన్‌డాన్ రాజధాని, 296లో పొరుగు రాజ్యం జోంగ్‌షాన్‌ను గెలవడం, అన్నీ వరసగా చెప్పావు. చదివించే గుణం నీ వాక్యంలో ఉంది. కానీ పుస్తకం మూసేసరికి ఆ మనిషి నాకు దొరకలేదు. ‘మహావీరుడు’, ‘దూరదృష్టి కలవాడు’ అన్న మాటలే మిగిలాయి.

307లో అతను చేసిన పని చూడు. ఉత్తరాన హు జాతులవాళ్లు గుర్రం మీద నుంచే బాణాలు వేసేవాళ్లు. జావ్ పెద్దమనుషులవి పొడవాటి అంగీలు, రథాలు. రాజు హు జాతుల పద్ధతిలో ప్యాంటు, పొట్టి చొక్కా వేసుకుని, గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చుకోమన్నాడు. దీన్ని నాలుగు లైన్లలో దాటేశావు. అసలు కథ ఇక్కడే ఉంది. రాజు బాబాయి చెంగ్ ఒంట్లో బాగాలేదని దర్బారుకు రావడం మానేశాడు. మహాత్ములు బోధించిన నేల మనది, పరాయివాళ్లే మనల్ని చూసి నేర్చుకోవాలి గానీ మనం వాళ్ల బట్టలు కట్టుకోవడమేమిటని ఆయన బాధ. రాజు తలుచుకుంటే శిక్షించగలడు. అలా చేయలేదు, తనే బాబాయి ఇంటికి వెళ్లాడు. బట్టలు మన సౌకర్యం కోసమేనని, సరిహద్దు నిలబడాలంటే ఇదే దారని నచ్చజెప్పాడు. మర్నాడు చెంగ్ ఆ కొత్త బట్టలతోనే దర్బారుకు వచ్చాడు. ఈ ఘట్టానికి ఒక అధ్యాయమంతా ఇవ్వు. మొండి ముసలాయన అని చెంగ్‌ను తేలిక చేయకు. ఆయన వాదనలో బలం ఉంటేనే రాజు ఓర్పు విలువ తెలుస్తుంది.

పైగా చెంగ్ నీకు చివరిదాకా కావాలి. 299లో రాజు చిన్న కొడుకు హెకి పట్టం కట్టి తాను తప్పుకున్నాడు, సైన్యాన్ని నడిపించడం మాత్రం మానలేదు. దూత వేషంలో శత్రువైన చిన్ రాజ్యానికి వెళ్లొచ్చిన కథ సరదాగా రాశావు, కాస్త తగ్గించినా నష్టం లేదు. ఆ చోటు కొడుకుల కోసం వాడు. హె తల్లి మీది ప్రేమతో పెద్దవాడు జాంగ్‌ను పక్కన పెట్టాడు. ఆమె పోయాక ఒకరోజు దర్బారులో జాంగ్ దిగులు ముఖంతో తమ్ముడికి వంగి దండం పెట్టడం చూశాడు. మనసు చివుక్కుమంది. రాజ్యాన్ని రెండు చేసి, దై ప్రాంతానికి జాంగ్‌ను రాజును చేద్దామనుకున్నాడు. అనుకున్నాడే గానీ తేల్చలేదు. దేశమంతటి చేత బట్టలు మార్పించిన మనిషి ఇంట్లో సంగతి తేల్చుకోలేకపోయాడు. నీ పుస్తకానికి వెన్నెముక ఇదేనని నా నమ్మకం.

295లో షాచియు అనే చోట జాంగ్ తమ్ముడి మీద తిరగబడి, ఓడిపోయి, తండ్రి ఉన్న భవనానికి పారిపోయాడు. తండ్రి లోపలికి రానిచ్చాడు. చెంగ్, జావ్ అధికారి లీ దుయ్ ఆ భవనాన్ని చుట్టుముట్టి జాంగ్‌ను చంపారు. ముట్టడి ఎత్తేస్తే పెద్దాయన తమ వంశాలే లేకుండా చేస్తాడని భయపడ్డారు. ఆలస్యంగా బయటికొచ్చినవాళ్లకు చావు తప్పదని చాటించేసరికి లోపలివాళ్లంతా వచ్చేశారు. రాజు ఒక్కడే మిగిలాడు. తిండి లేక గూళ్లలోని పిచ్చుక పిల్లల్ని తీసి తిన్నాడు. మూడు నెలలు దాటాక ఆకలితో చచ్చిపోయాడు.

నువ్వేమో ఆ చివరి రాత్రి ఆయన తన విజయాలు తలుచుకున్నాడని ఒక పేజీ రాశావు. అది నీకెలా తెలుసు? ఆ భవనంలో చూసి చెప్పడానికి ఇంకెవరూ లేరు. రెండు వందల ఏళ్ల తర్వాత ఈ సంగతులు రాసిన చరిత్రకారుడు సిమా చియాన్ పిచ్చుకల దగ్గరే ఆగాడు, ఆయన గుండెలో దూరలేదు. ఆ పేజీ కొట్టెయ్. పిచ్చుకల వాక్యం పక్కన ఒక్క విశేషణం కూడా పెట్టకు.

హెను దుర్మార్గుడిగా చూపించిన చోట కూడా మళ్లీ ఆలోచించు. అప్పటికి అతను చిన్నవాడు, పెత్తనమంతా చెంగ్, లీ దుయ్‌లదే. ఆ గొడవ తర్వాత చెంగ్ ప్రధానమంత్రి అయ్యాడు. ఈ సంగతి నీ రాతప్రతిలో ఎక్కడా లేదు. చేర్చి పంపు, మళ్లీ చదువుతాను.

మీ అన్నయ్య