ఓడ దిగితే రోమ్ ఒక్కటేనా? పాఠకుల ప్రయాణ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. మా అమ్మాయీ అల్లుడూ మా ఇద్దరికీ సెప్టెంబర్‌లో మెడిటరేనియన్ క్రూజ్ బుక్ చేశారు. రోమ్ పోయినేడాది నాలుగు రోజులుండి చూసేశాం. ఇప్పుడు ఓడ రోమ్ దగ్గరి చివితావెక్కియా అనే పోర్ట్‌లో పొద్దున్న ఏడింటికి ఆగి సాయంత్రం ఏడింటికి బయల్దేరుతుందట. వెళ్ళొచ్చినవాళ్ళని అడిగితే అక్కడేం లేదు, రోమ్ వెళ్ళకపోతే ఓడలోనే పడుకోండి అంటున్నారు. నిజంగానే చుట్టుపక్కల చూసేది ఏమీ లేదా?

జవాబు: చాలా ఉందమ్మా, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని నేను ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నా. ఆ పోర్ట్‌లో దిగేవాళ్ళలో ఎక్కువమంది నేరుగా రోమ్ బస్సో ట్రైనో ఎక్కేస్తారు, పోను గంట పైన, రాను గంట పైన, మధ్యలో క్యూలు, చివరికి కొలోసియం బయట నాలుగు ఫోటోలు దిగి పరిగెత్తుకుంటూ వెనక్కి. రోమ్ చూడనివాళ్ళు తప్పక వెళ్ళాలి, కాదనను. మీరు చూసేశారు కాబట్టి టార్క్వీనియా వెళ్ళండి.

పోర్ట్‌కి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లు, ట్రైన్‌లో పావుగంట. రోమ్ ఇంకా చిన్న ఊరుగా ఉన్న రోజుల్లో ఈ ప్రాంతమంతా ఎట్రుస్కన్‌లు అనే జనానిది, టార్క్వీనియా వాళ్ళ పెద్ద నగరాల్లో ఒకటి. రోమ్‌ని ఏలిన టార్క్విన్ రాజులు ఈ ఊరి నుంచే వచ్చారని రోమన్లే చెప్పుకున్నారు. అంటే మీరు పోయినేడాది చూసిన రోమ్‌కి వెనక కథ ఇక్కడుంది. వాళ్ళ ఇళ్ళూ వీధులూ పెద్దగా మిగల్లేదు, సమాధులు మిగిలాయి. ఊరి పక్కన మోంతెరోజ్జి అనే గుట్ట మీద దాదాపు 6000 సమాధులు గుర్తించారు, వాటిల్లో ఓ 200 వాటికి లోపల గోడల నిండా రంగుల బొమ్మలు. 2004లో దగ్గర్లోని చెర్వేతెరి ఊరి సమాధులతో కలిపి యునెస్కో లిస్టులో పెట్టారు.

పైన చూస్తే గడ్డి మైదానం, అక్కడక్కడా చిన్న గదుల్లాంటి కప్పులు, దూరంగా సముద్రం, ఏముందిరా ఇక్కడ అనిపిస్తుంది. ఒక్కో కప్పు కింద మెట్లుంటాయి, దిగితే అద్దం తలుపు, బటన్ నొక్కితే లోపల లైటు వెలుగుతుంది. వెలిగిన ఆ క్షణం కోసమే అంత దూరం వెళ్ళొచ్చండి. ఒకదాంట్లో చెట్టుకి అటొకటి ఇటొకటి చిరుతపులులు, వాటి కింద విందు జరుగుతోంది, మగాళ్ళూ ఆడవాళ్ళూ పక్కపక్కన ఒరిగి కూర్చుని తింటున్నారు, ఒకాయన చేతిలో గుడ్డు పట్టుకుని చూపిస్తున్నాడు, జంటవేణువు ఊదేవాడు ఒకడు. భార్యలు భర్తల పక్కన కూర్చుని విందు తినడం చూసి ఆ కాలం గ్రీకులు ముక్కున వేలేసుకున్నారట, వాళ్ళకి ఇంటి ఆడవాళ్ళు విందుకి రావడం అలవాటు లేదు. ఇంకోదాంట్లో సముద్రం, పడవలో జాలర్లు, గాల్లో పక్షుల గుంపు, బండ మీద నుంచి నీళ్ళలోకి దూకుతున్న కుర్రాడు. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దం నాటి బొమ్మ అది, అజంతాలో తొలి గుహల కంటే మూడొందల ఏళ్ళు పాతది. చనిపోయినవాళ్ళ గదిలో ఏడుపు బొమ్మలు కాకుండా ఈతా విందూ డాన్సూ గీయించుకున్న మనుషులు వాళ్ళు. నేను ఆ దూకే కుర్రాడి ముందు లైటు ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ నొక్కుతూ చాలాసేపు నిలబడిపోయాను, వెనక ఎవరూ తొయ్యలేదు, అసలు వెనక ఎవరూ లేరు.

ఇక ఊళ్ళో విటెలెస్కి ప్యాలెస్ ఉంది, 1430ల్లో కట్టింది, ఇప్పుడు మ్యూజియం. అక్కడ రెక్కల గుర్రాల జంట ఒకటుంది, మట్టితో చేసి కాల్చింది, ఒక గుడి ముఖం మీద ఉండేది, అది చూడకుండా రావొద్దు. సమాధులకీ మ్యూజియంకీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది. సోమవారం సెలవు, కాబట్టి ఓడ ఆగేది ఏ వారమో ఇప్పుడే చూసుకోండి, సోమవారమైతే కింద చెప్పే వేరే ఊళ్ళు చూడండి.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి, టార్క్వీనియా స్టేషన్ ఊళ్ళో ఉండదు, ఊరు కొండ మీద, స్టేషన్ కింద మైదానంలో. పైకి బస్సు ఉంది గానీ ప్రతి ట్రైన్‌కీ ఉంటుందని నమ్ముకోకూడదు. ట్రైన్‌లు కూడా రోమ్ వైపు ఉన్నంత తరచుగా ఈ వైపు ఉండవు. అందుకని వెళ్ళే ట్రైన్ కంటే ముందు తిరిగొచ్చే ట్రైన్ చూసుకోండి, దాని ముందు ట్రైన్ కూడా రాసిపెట్టుకోండి. స్టేషన్‌లో కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరుండే మెషీన్‌లో స్టాంప్ వేయించాలి, టికెట్ కొన్నారు కదా అని ఎక్కేస్తే ఫైన్ పడుతుంది.

ప్రశ్న: మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు, ఎక్కలేదు. అదే పోర్ట్‌లో మాకూ ఒక రోజు ఉంది. పాత ఊళ్ళంటే తనకి చాలా ఇష్టం. అమ్మని ఎక్కడికి తీసుకెళ్ళొచ్చు?

జవాబు: టార్క్వీనియా సమాధులు మీ అమ్మగారికి వద్దు, ప్రతిదానికీ నిటారు మెట్లే. ఊళ్ళో మ్యూజియం దాకా అయితే టాక్సీలో తీసుకెళ్ళొచ్చు. దానికంటే నేను సాంతా సెవెరా చెప్తాను. రోమ్ వెళ్ళే ట్రైన్ లైన్ మీదే, దక్షిణంగా దగ్గర్లో, సముద్రం అంచునే ఒక కోట, కోట గోడకి అలలు తగులుతుంటాయి. పక్కనే పీర్గి అనే ఎట్రుస్కన్ రేవు ఉండేది. 1964లో అక్కడ మూడు బంగారు రేకులు దొరికాయి, ఒకే విషయం ఎట్రుస్కన్‌లోనూ ఫినీషియన్‌లోనూ రాసి ఉన్నాయి, అంటే 2500 ఏళ్ళ కిందటే ఆ రేవులో రెండు భాషలవాళ్ళకి అర్థమయ్యేలా శాసనం వేయించారన్నమాట. అసలు రేకులు రోమ్‌లో విల్లా జూలియా మ్యూజియంలో ఉన్నాయి. ఇక్కడ స్టేషన్ నుంచి కోటకి కాస్త దూరమే, అమ్మగారిని నడిపించకండి, ముందే టాక్సీ మాట్లాడుకోండి.

చెర్వేతెరి కూడా మీ ప్రాంతంలోనే ఉంది, అక్కడ సమాధులు పెద్ద పెద్ద గుండ్రటి మట్టి దిబ్బలు, మధ్యలో వీధులు, చెట్ల నీడ, చనిపోయినవాళ్ళకి ఒక ఊరే కట్టారు. లోపలికి దిగకపోయినా వీధుల్లో తిరిగితే చాలు బాగుంటుంది, కానీ నేల ఎగుడుదిగుడు, బండి చక్రాలు ఒరిసి పడ్డ గాడులు కూడా ఉన్నాయి. చేతికర్రతో నడవగలిగితే వెళ్ళండి, వీల్‌చెయిర్ అయితే కష్టం.

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్, ముప్పైల్లో ఉన్నాం, కారు తీసుకుని పల్లెటూళ్ళు తిరగాలని. చివితావెక్కియా నుంచి ఒక్క రోజులో వితెర్బో, తుస్కానియా, తోల్ఫా, చివితా ది బాన్యొరెజ్జో, బొల్సేనా సరస్సు ప్లాన్ చేశాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదు, కారు అద్దాల్లోంచి చూడ్డానికి మాత్రం సరిపోతుంది. ఐదింట్లో రెండు ఉంచుకోండి, నా మాట వింటే తోల్ఫా, తుస్కానియా.

తోల్ఫా గురించి ఎవరూ రాయరు, నాకు అది బాధ. పోర్ట్ వెనక కనపడే కొండలే తోల్ఫా కొండలు, ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. ఆ కొండల కథంతా పటిక మీద ఉంది, అవును, మనం నీళ్ళు తేటపడ్డానికి వేసే పటికే. బట్టకి రంగు పట్టి నిలవాలంటే పటిక కావాలి, యూరప్ నేతగాళ్ళు దాన్ని టర్కీ వైపు నుంచి తెప్పించుకునేవాళ్ళు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ఒట్టోమన్ టర్కుల చేతికి పోయాక ఆ సరుకు కోసం వాళ్ళకే డబ్బు కట్టాల్సొచ్చింది. 1460ల మొదట్లో జొవాన్ని ద కాస్త్రో అనే ఆయన, అక్కడ బట్టల వ్యాపారం చేసి వచ్చినవాడు, ఈ కొండల్లో తిరుగుతూ అక్కడి పటిక కొండల మీద పెరిగే మొక్కే ఇక్కడా ఉందేంటి అని గమనించి, తెల్ల రాళ్ళు ఏరి కాల్చి చూసి పటిక కనిపెట్టాడు. అప్పటి పోప్ 2వ పియస్ ఎంత సంతోషించాడో చెప్పలేం, ఆ గనుల డబ్బు మతయుద్ధాలకే కేటాయించారు, వేరేచోట పటిక కొనడం పాపమని క్రైస్తవులకి చాటారు కూడా. దారిలో అల్లుమియెరె అనే ఊరొస్తుంది, పేరులోనే పటిక ఉంది, గని పనివాళ్ళ కోసం పుట్టిన ఊరు. గట్టు మీద తోల్ఫా పాత కోట శిథిలం దాకా ఎక్కితే ఒకవైపు సముద్రం, రెండోవైపు పచ్చిక బయళ్ళు, వాటిల్లో పొడవు కొమ్ముల బూడిదరంగు పశువులు, మరెమ్మాన జాతి అంటారు, మన ఒంగోలు గిత్తల్ని చూసి పెరిగినవాళ్ళు వాటి ముందు ఆగకుండా వెళ్ళలేరు. తోల్ఫాలో తోలు సంచులు కుడతారు, కతానా అంటారు, గుర్రం మీద పశువులు కాచేవాళ్ళు భుజానికి వేసుకునే సంచి. కొనాలనుంటే ఓడలో షాపులో కాకుండా ఇక్కడ కుట్టేవాళ్ళ దగ్గర కొనండి.

తుస్కానియాని తస్కనీ అనుకోకండి, వేరు, ఇది రోమ్ ఉన్న లాత్సియో రాష్ట్రంలోనే ఉన్న చిన్న ఊరు. ఊరి బయట గుట్ట మీద సాన్ పియెత్రో చర్చి, కింద సాంతా మరియా మజ్జోరె, రెండూ వెయ్యేళ్ళ నాటి పునాదులున్నవి. 1971 ఫిబ్రవరి 6న భూకంపం వచ్చి ఊరు చాలా దెబ్బతింది, సాన్ పియెత్రో వెనక భాగం కూలిపోయింది, అక్కడున్న పెద్ద క్రీస్తు చిత్రం పోయింది. రాయి రాయి పేర్చి మళ్ళీ కట్టారు. కింద నేలమాళిగలో రకరకాల పాత స్తంభాలు, ఒకదానికొకటి పోలిక లేకుండా, పాత రోమన్ కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టినవి. ఆ గదిలో మాట్లాడాలనిపించదు.

వితెర్బో వదలమన్నానని కోప్పడకండి, అది ఒక పూట అయినా ఉండాల్సిన ఊరు. 1268లో పోప్ చనిపోతే కొత్త పోప్‌ని ఎన్నుకోడానికి కార్డినల్స్ అనే చర్చి పెద్దలు అక్కడ దాదాపు మూడేళ్ళు కూర్చున్నారు. విసిగిపోయిన ఊరివాళ్ళు వాళ్ళని పోప్‌ల ప్యాలెస్ లోపల పెట్టి తాళం వేసి, తిండి తగ్గించి, చివరికి పైకప్పు కూడా ఊడబీకారు. 1271లో గానీ తేలలేదు. ఆ ఎన్నికైన 10వ గ్రెగరీయే 1274లో ఇకమీద తాళం వేసే ఎన్నుకోవాలని రూల్ పెట్టాడు, ఇప్పుడు టీవీల్లో చూపించే కాన్‌క్లేవ్ అనే మాటకి అర్థం తాళంచెవితో అనే. ఆ ప్యాలెస్ ఇంకా ఉంది. రోమ్‌లో రెండ్రోజులు ఎక్కువుండే ట్రిప్‌లో వెళ్ళండి.

కారుకి ఇండియా లైసెన్స్ ఒక్కటే చాలదు, ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్ళండి. కుడివైపు నడపాలి, చాలా కార్లు గేర్లవే ఇస్తారు. పాత ఊళ్ళ నడిబొడ్డుకి జడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది, పర్మిషన్ లేని బండి దాటితే కెమెరా పట్టుకుంటుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది. కాబట్టి గోడ బయటే పార్క్ చేసి నడవండి, ఎలాగూ చిన్న ఊళ్ళే. ఇంకోటి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు నాలుగు దాకా చాలా షాపులూ కొన్ని చర్చిలూ మూసేస్తారు, ఆ టైములో భోంచెయ్యండి. వెజిటేరియన్లయితే అక్వకోత్త అడగండి, ఎండు రొట్టె మీద ఆకుకూరల పులుసు, పైన గుడ్డు వేస్తారు, గుడ్డు తినకపోతే ముందే చెప్పాలి.

ప్రశ్న: మా ఓడ మధ్యాహ్నం పూట నాలుగు గంటల సేపే ఆగుతుంది. ఎక్కడికీ వెళ్ళలేం కదా?

జవాబు: ట్రైన్ ఎక్కకండి, చివితావెక్కియాలోనే తిరగండి. ఆ రేవుని రోమన్ చక్రవర్తి ట్రాజన్ 2వ శతాబ్దం మొదట్లో కట్టించాడు, మీ ఓడ ఆగేది పంతొమ్మిది వందల ఏళ్ళ రేవులో. పక్కనే కనపడే కోట 1508లో బ్రమాంతె అనే శిల్పి మొదలుపెట్టాడు, మధ్య బురుజు పైభాగం మైకెలాంజెలో చేతిదంటారు, అందుకే ఆయన పేరే పెట్టారు. ఊళ్ళోనే జపాన్ అమరుల చర్చి ఒకటుంది, లోపల మేరీమాత కిమోనోలో ఉంటుంది. 1615లో హసెకురా అనే జపాన్ సమురాయ్ పోప్‌ని చూడ్డానికి ఈ రేవులోనే దిగాడు, ఆయన విగ్రహం కూడా దగ్గర్లో ఉంది. ఇంకా గంటుంటే టాక్సీలో ఊరి బయట రోమన్ల వేణ్ణీళ్ళ స్నానశాలల శిథిలాలు, తెర్మె తౌరీనె, చూసి రండి.

ప్రశ్న: సొంతంగా తిరిగితే ఓడ వదిలేసి పోతుందా? వీసా మళ్ళీ కావాలా?

జవాబు: వదిలేసి పోతుందండి. ఓడవాళ్ళు అమ్మే టూర్‌లో లేటైతే వాళ్ళే చూసుకుంటారు, మనంతట మనం వెళ్తే ఎదురుచూడరు, తర్వాతి పోర్ట్‌కి మన ఖర్చుతో వెళ్ళాలి. బయల్దేరే టైము ఒకటి, అందరూ ఎక్కాల్సిన టైము దానికంటే ముందు, ఆ రెండోది చూసుకుని ఇంకో గంటన్నర ముందే పోర్ట్ గేట్ దగ్గరికి వచ్చెయ్యండి. గేట్ నుంచి ఓడ దాకా షటిల్ బస్సుకి కూడా టైము పడుతుంది. ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటేనా అని దిగేముందు అడగండి. ఇటలీ షెంగెన్‌లోదే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోదే, మీ రూట్‌లో టర్కీ లాంటి షెంగెన్ బయటి దేశం మధ్యలో ఉంటే మాత్రం మల్టిపుల్ ఎంట్రీ వీసా తప్పనిసరి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్ట్‌లు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు, అలాంటప్పుడు జిరాక్స్ కాపీ, ఓడ కార్డు, పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబర్ జేబులో పెట్టుకుని దిగండి.