కంటిలో జెల్ మందు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్ వల్ల మాక్యులాలో (రెటీనా నడుమ, సూటి చూపునిచ్చే చోట) నీరు చేరింది. నెలనెలా విశాఖ తీసుకెళ్లి కంట్లోకి ఇంజెక్షన్ చేయిస్తున్నాం. ఒకసారి వేస్తే నెలల తరబడి పనిచేసే జెల్ వస్తోందట. అది వచ్చేదాకా ఇంజెక్షన్లు ఆపొచ్చా? (పాఠకురాలు, చీపురుపల్లి)

జవాబు: ఆపకండమ్మా. నీరు చాలాకాలం నిలిచిపోతే వెలుగును పట్టే కణాలు చచ్చిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి మందు వేసినా పోయిన చూపు తిరిగి రాదు.

నెలనెలా ఎందుకంటే, కంటి లోపలి విట్రియస్ (కంటిగుడ్డును నింపే జిగురు పదార్థం) సుమారు 4 మి.లీ. ఉంటుంది. అందులోకి వేసే మందు 0.05 మి.లీ. మాత్రమే. రానిబిజుమాబ్ అనే మందు అయితే అందులో 0.5 మి.గ్రా. ఉంటుంది. అది వారం, తొమ్మిది రోజులకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. నెల తిరిగేసరికి పదో వంతు అటూ ఇటూ మిగులుతుంది.

మీరడిగిన జెల్‌ను హైడ్రోజెల్ అంటారు. తాటి ముంజెను తలుచుకోండి. నిండా నీళ్లే, అయినా కారిపోవు, సన్నని అల్లిక పట్టి ఉంచుతుంది. అలాంటి అల్లికలో మందు పెడితే కొంచెం కొంచెంగా ఊరుతుంది, అల్లిక కూడా మెల్లగా కరిగిపోతుంది. పెగ్ అనే పాలిమర్‌తో (పొడవాటి గొలుసు అణువుల పదార్థంతో) చేసిన హైడ్రోజెల్‌లో యాక్సిటినిబ్ పెట్టిన మందు వెట్ ఏఎండీకి (వయసుతో మాక్యులాలో నీరు, రక్తం కారే జబ్బుకు) మూడో దశ ప్రయోగాల దాకా చేరింది. మీ నాన్నగారిది వేరే జబ్బు. పైగా ఒకసారి లోపల పెట్టాక, పడకపోతే వెనక్కి తీయడం తేలిక కాదు. జెల్ ముక్క చూపుకు అడ్డంగా తేలొచ్చు, లోపల వాపు రావొచ్చు. నెలల తరబడి ఉండడమే దాని బలం, ఇబ్బంది కూడా అదే.

ఈలోగా డాక్టరు గారిని రెండు విషయాలు అడగండి. ఓసీటీలో (రెటీనా పొరలను చూపే స్కాన్‌లో) నీరు తగ్గితే ఇంజెక్షన్ల మధ్య గడువును 2 వారాల చొప్పున పెంచుకుంటూ వెళ్లొచ్చా? 0.7 మి.గ్రా. డెక్సామెథసోన్ ఇంప్లాంట్ పనికొస్తుందా? ఇది జెల్ కాదు, కరిగిపోయే చిన్న పుల్ల. మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. కానీ స్టెరాయిడ్ కాబట్టి కంటి ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం త్వరపడొచ్చు. గ్లకోమా (కంటి ప్రెషర్ వల్ల నరం దెబ్బతినే జబ్బు) ఉంటే ముందే చెప్పండి.

ప్రశ్న: ఫార్మసీ ప్రాజెక్టులో పీఎల్‌జీఏ-పెగ్-పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో 20 శాతం జెల్ చేస్తున్నాం. సూదిలోనే బిగుసుకుంటోంది. మొదటి రోజే మందు సగం బయటికొచ్చేస్తోంది. (విద్యార్థి, రాజాం)

జవాబు: వెన్న వేడికి కరుగుతుంది, ఈ పాలిమర్ వేడికే గట్టిపడుతుంది. మీది 32, 33 డిగ్రీల దగ్గర బిగుసుకునే రకమైతే, ఏసీ లేని ల్యాబ్‌లో మే నెల ఎండే చాలు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా కరగనివ్వండి. సిరంజి, సూది కూడా చల్లబరచండి, అరచేతిలో పట్టుకోకండి. బిగుసుకునే వేడిని సరిగా కొలవండి: సీసాలో 1 మి.లీ. పోసి, ఒక్కో డిగ్రీ పెంచుతూ, ప్రతిచోటా 5 నిమిషాలు ఆగి, బోర్లించండి. 30 సెకన్లు జారకుంటే జెల్ అయినట్టే.

మందు ఒక్కసారిగా రావడానికి ముఖ్య కారణం, జెల్ బిగుసుకునేలోపే పైపైన ఉన్నది కారిపోవడం. మందును ముందు సూక్ష్మగోళాల్లో పట్టించి, వాటిని జెల్‌లో కలపండి. పాలిమర్ శాతం పెంచినా తగ్గుతుంది, కానీ 30 గేజ్ సన్న సూదిలో దిగడం కష్టమవుతుంది. రెండూ పక్కపక్కన కొలిచి ఎంచుకోండి. పోలోక్సమర్ 407 అనే మరో పాలిమర్ చౌక అని అటు వెళ్లొద్దు, అది రోజుల్లోనే కరిగిపోతుంది.

యాంటీబాడీ (ప్రోటీన్) మందైతే ఎంత బయటికొచ్చిందో కొలిచి ఊరుకోకండి, పనిచేస్తోందో లేదో కూడా చూడండి. పీఎల్‌జీఏ విరిగినప్పుడు పుట్టే ఆమ్లం ప్రోటీన్‌ను పాడుచేస్తుంది. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) వేడికి పాలిమరే విరుగుతుంది, అందులో పెట్టకండి.

ప్రశ్న: ఉద్దానం మనిషిని. కిడ్నీ జబ్బుంది. కంటి ఇంజెక్షన్ వేయించుకోవచ్చా? (పాఠకుడు, కవిటి)

జవాబు: కిడ్నీ జబ్బు ఒక్కటే ఉందని మానేయనక్కర్లేదు. మోతాదు చిన్నదే అయినా కొంత రక్తంలోకి చేరుతుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) రిపోర్టు చూపించండి. డయాలసిస్ రోజులు, బీపీ, ఈ మధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చిందా అన్నది చెప్పండి. ఓసీటీకి రంగు మందు ఎక్కించరు, భయం లేదు. వేయించుకున్న వారంలో నొప్పి, ఎరుపు పెరిగి చూపు మసకబారితే లోపల ఇన్ఫెక్షన్ కావొచ్చు. షాపులో చుక్కలు కొని వేసుకోకుండా, రాత్రయినా సరే, అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరికి బయలుదేరండి.