మంచం పక్కన చక్రాల ట్రాలీ: మూడేళ్లుగా వాడుతున్న అనుభవంతో

మీరు అడిగినవి మూడు. మోకాలి ఆపరేషన్ అయిన మీ అత్తగారికి సామాను చేతికందేలా చిన్న చక్రాల ట్రాలీ కొంటే పనికొస్తుందా, ఆవిడ దాన్ని పట్టుకుని ఇంట్లో నడవొచ్చా, కోలుకున్నాక అది మూలన పడి ఉంటుందా. రెండోదానికి ముందు జవాబు చెబుతాను. వద్దండీ, పట్టుకుని నడవనివ్వకండి.

మూడు అరల ట్రాలీ ఖాళీగా ఉన్నప్పుడు ఒక చేత్తో ఎత్తేయొచ్చు, అంత తేలిక. మనిషి బరువు దాని మీద పడిందంటే ముందుకు జారుతుంది, లేదా పక్కకు ఒరుగుతుంది. నడక కోసమే చేసిన నాలుగు చక్రాల వాకర్లకు కాళ్లు ఎడంగా ఉంటాయి, బ్రేకులు చేతి పిడి దగ్గరే ఉంటాయి. ట్రాలీకి బ్రేకు కింద చక్రం మీద ఉంటుంది, పాదంతో నొక్కాలి. తూలిపోతున్న మనిషికి అది నొక్కే తీరిక ఎక్కడిది? ఫిజియోథెరపిస్టు వాకర్ వాడమంటే వాకరే వాడాలి. ట్రాలీ పక్కన ఉంటే చేయి దానంతట అదే దాని మీదికి పోతుంది, ఆ సంగతి ఆవిడకు ముందే చెప్పి ఉంచండి. నాకూ అలాగే పోయేది.

నా సంగతి చెప్తాను. మూడేళ్ల కిందట మెట్లు దిగుతుంటే కాలు మడతపడి చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు, రెండు చంకకర్రలు. విరిగింది కాలే అయినా పని చేయకుండా పోయేవి చేతులు. రెండు చేతులూ కర్రలకే సరిపోతాయి కదా. వంటింట్లో నింపిన గ్లాసు నీళ్లు మంచం దాకా తెచ్చుకోలేం. కళ్లజోడు, ఫోను, మందుల పెట్టె అన్నీ మెడలో సంచీ వేసుకుని మోశాను, వంగినప్పుడల్లా అది ఊగి కర్రకు తగిలేది. మా ఆయన చూసి చూసి మూడు అరల ట్రాలీ ఒకటి పట్టుకొచ్చారు.

దాన్ని తోసుకుంటూ ఇల్లంతా తిరుగుతాననుకున్నాను. మొదటి రోజే తెలిసొచ్చింది, రెండు కర్రలతో ట్రాలీ తోయడం కుదరని పని. కర్ర వదిలి ఒక చేత్తో తోస్తే అది వంకరగా పోతుంది, దాని వెనక నేను ఒంటికాలి మీద. రెండుసార్లు పడబోయి మానేశాను. మొదటి నెలంతా నేను ట్రాలీ దగ్గరికి వెళ్లలేదు, అదే నా దగ్గరికి వచ్చేది. పొద్దున మంచం పక్కకు, మధ్యాహ్నం కుర్చీ పక్కకు, ఎవరో ఒకరు తోసి బ్రేకు వేసి వెళ్లేవాళ్లు. అడగాల్సిన పనులు సగానికి సగం తగ్గాయి. "కాస్త అది అందించవా" అని రోజుకు ముప్పై సార్లు అనాల్సి రావడం నొప్పి కంటే ఎక్కువ విసుగు పుట్టిస్తుంది, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

కాబట్టి వాకర్‌తో నడిచే మీ అత్తగారికి కూడా ట్రాలీని మంచం పక్క సామానుగా చూడండి. ఆవిడ నడుస్తూ ఏదైనా తీసుకెళ్లాలంటే వాకర్‌కే తగిలించే సంచీ మేలు, అది కూడా తేలికైన వస్తువులకే. నీళ్లైతే మూత గట్టిగా ఉన్న సీసాలో. మరిగే నీళ్లు, వేడి గిన్నెలు ఇంకెవరైనా తేవాలి.

ఇక ఎలాంటిది కొనాలన్నది. అందరూ అరలు ఎన్ని, రంగు ఏది అని చూస్తారు. మేమూ అంతే చేశాం, అందుకే ఏడాది తిరక్కుండా చక్రాలు మార్చాల్సి వచ్చింది. ట్రాలీ బాగుందా లేదా అన్నది చక్రాల దగ్గరే తేలిపోతుంది.

మాది వచ్చినప్పుడు దాని చక్రాలు 50 మిల్లీమీటర్లవి, గట్టి ప్లాస్టిక్కు. నున్నటి నేల మీద బాగానే దొర్లేవి గానీ మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ ఆ గరగర చప్పుడు పక్క గదిలోకి వినిపించేది. అసలు చిక్కు గడప దగ్గర వచ్చింది. రెండు గదుల మధ్య మా గడప పెద్ద ఎత్తేమీ కాదు, సెంటీమీటరు ఉంటుందేమో. ముందు చక్రాలు దానికి తగిలి ఆగిపోతాయి, పైన పిడి పట్టుకుని తోస్తున్నాం కాబట్టి ట్రాలీ ముందుకు వంగుతుంది, పై అరలోంచి సీసా దొర్లి పడుతుంది. ఇది వారంలో మూడుసార్లు జరిగింది.

కాలేజీలో చదివే మా అబ్బాయి కాగితం తీసుకుని లెక్క వేశాడు. 10 మిల్లీమీటర్ల గడపను ఆగి ఉన్నచోటి నుంచి ఎక్కాలంటే 50 మిల్లీమీటర్ల చక్రాన్ని, దాని మీద పడే బరువుకు 1.3 రెట్ల బలంతో అడ్డంగా తోయాలట. అదే 100 మిల్లీమీటర్ల చక్రమైతే ముప్పావు వంతు బలం చాలు. గడప ఎత్తు చక్రం వ్యాసంలో సగం ఉందంటే ఎంత తోసినా ఎక్కదు, చేత్తో ఎత్తాల్సిందే. "ఇంత చిన్నదానికి లెక్కెందుకురా" అన్నాను గానీ ఆ కాగితం చూశాకే చక్రాలు మార్చాం. ఇప్పుడున్నవి 75 మిల్లీమీటర్లవి, మెత్తని పాలీయురెథేన్ చక్రాలు. చప్పుడు లేదు, గడప దగ్గర కొంచెం నెమ్మదిస్తే దాటేస్తుంది. నల్ల రబ్బరు చక్రాలు కూడా చప్పుడు చేయవు, కాకపోతే కొన్ని రకాల రబ్బరు ఒకేచోట చాలా రోజులు ఆగితే వినైల్ లాంటి నేల మీద మరక దిగుతుంది. నేల లేత రంగుదైతే చూసుకోండి.

చక్రాలు మార్చడం పెద్ద పనేమీ కాదు. మా ట్రాలీకి కింద మరలున్న కడ్డీతో బిగించే రకం చక్రాలు. కొన్నింటికి ఊరికే గుచ్చి నొక్కేవి ఉంటాయి, కొన్నింటికి నాలుగు స్క్రూల పలక. పాత చక్రం ఒకటి ఊడదీసి దుకాణానికి పట్టుకెళ్తే సరిపోతుంది. కడ్డీ 8 మిల్లీమీటర్లా 10 మిల్లీమీటర్లా అన్నది కంటికి తెలియదు, మేము తప్పు అంచనాతో ఒకసారి తెచ్చి మళ్లీ తిరిగిచ్చాం. చక్రం పెద్దదైతే ట్రాలీ ఎత్తు కూడా ఆ మేరకు పెరుగుతుంది, మంచం ఎత్తుతో సరిచూసుకోవాలి.

గడప దాటడానికి ఇంకో చిట్కా: నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా తీసుకెళ్తే ఒక్కో చక్రమే ఎక్కుతుంది, తేలికవుతుంది. గడప ఎత్తు మరీ ఎక్కువైతే చిన్న వాలుచెక్క వేయొచ్చు. చక్రాల కుర్చీల ర్యాంపులకు సాధారణంగా పాటించే కొలత 1కి 12, అంటే 2 సెంటీమీటర్ల గడపకు 24 సెంటీమీటర్ల వాలు. అయితే ఇంట్లో వాకర్‌తో నడిచే మనిషి ఉన్నారు కాబట్టి, కదిలే చెక్క ఏదీ నేల మీద వదిలేయకండి. బిగించగలిగితేనే వేయండి.

బ్రేకుల విషయంలో ఒకటి గమనించండి. నాలుగు చక్రాల్లో రెండింటికే బ్రేకులు ఉండటం మామూలే. కొన్ని బ్రేకులు చక్రం దొర్లకుండా మాత్రమే ఆపుతాయి, చక్రం తన కడ్డీ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అలాంటిదాని పై అరలోంచి ఏదైనా లాగితే ట్రాలీ పక్కకు ఊగుతుంది. దొర్లడం, తిరగడం రెండూ ఆపే బ్రేకులు దొరుకుతాయి, మంచం పక్కన పెట్టేదానికి అవే తీసుకోండి. కొనేచోటే బ్రేకు వేసి పక్కనుంచి మెల్లగా నెట్టి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

సామాను ఎలా సర్దాలన్నదాంట్లో మీ అత్తగారి విషయం కొంచెం తిరకాసు. బరువు కింద ఉంటే ట్రాలీ నిలకడగా ఉంటుంది, ఇది అందరికీ తెలిసిందే. చక్రాల మధ్య దూరం 30 సెంటీమీటర్లు ఉండే ఇరుకు ట్రాలీలో బరువంతా 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే 14 డిగ్రీలు ఒరిగితే చాలు, పడిపోతుంది. ఆ బరువునే 30 సెంటీమీటర్లకు దించితే 26 డిగ్రీల దాకా నిలబడుతుంది. (ఇదీ మా వాడి లెక్కే.) చక్రాలు లోపలి వైపు తిరిగి ఉన్నప్పుడు ఆ 30 కూడా ఇంకా తగ్గుతుంది. కానీ మోకాలు ఆపరేషన్ అయినవాళ్లు కింద అరకు వంగలేరు. అందుకని బరువైనవి, ఆవిడకు తరచుగా అక్కర్లేనివి కింద పెట్టండి. నీళ్ల సీసాల నిల్వ, దుప్పటి, పుస్తకాల కట్ట లాంటివి. వాటిని తీసేది మీరే. పై అరలో ఆవిడ చేయి చాచితే అందే తేలికైనవి మాత్రమే. కళ్లజోడు, ఫోను, టార్చిలైటు, సగం నింపిన సీసా. మధ్య అర సగం ఖాళీగా ఉంచండి, అది ఎలాగూ నిండుతుంది.

పై అర ఎత్తు పరుపు ఎత్తుకు దగ్గరగా ఉంటే పడుకుని కూడా తీసుకోవచ్చు. మాది పరుపు కంటే ఒక జానెడు ఎత్తు. మొదటి వారం ఫోను కోసం తడుముతూ రెండుసార్లు గ్లాసు పడగొట్టాను. తర్వాత పై అరకు చుట్టూ అంచు ఎత్తుగా ఉందా అన్నది నాకు రంగు కంటే ముఖ్యమైపోయింది. అర అడుగుభాగం వలలా ఉంటే చిన్న సీసాలు నిలబడవు, జారని మ్యాటు ఒకటి కత్తిరించి వేయండి.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మందులు దీంట్లో పెట్టకండి. ఏ అరా వాళ్లకు అందని ఎత్తు కాదు.

ఇంకో తప్పు చేశాను, అది మీరు చేయకండి. ట్రాలీకి ప్లగ్గుల బోర్డు కట్టేసి ఫోను, టేబుల్ లైటు అన్నీ దానికే పెట్టాను. చాలా తెలివిగా ఉందనుకున్నా. ఒకరోజు మా ఆయన వైరు గోడకు పెట్టి ఉందని చూసుకోకుండా ట్రాలీని లాగారు. ప్లగ్గు వంగిపోయింది, లైటు కింద పడి పగిలింది. అది పోతే పోయింది, నేల మీద సాగి ఉన్న వైరుకు నా కర్ర తగులుకునేది, అప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. కదిలే వస్తువుకు కరెంటు వైరు వద్దు. ఛార్జింగ్ గోడ దగ్గరే పెట్టుకోవడం మంచిది.

రాత్రిపూట ట్రాలీ ఎక్కడుంటుందో ముందే ఒక చోటు అనుకోండి. మంచం తల వైపు, బాత్‌రూమ్‌కు వెళ్లే దారికి అవతలి పక్క, ప్రతి రోజూ అదే చోటు. వాకర్‌తో చీకట్లో లేచిన మనిషికి దారిలో కొత్తగా ఒక అడ్డు ఉండకూడదు.

నిర్వహణ అంటారా, రెండే పనులు. బిగించిన రెండు వారాలకు బోల్టులన్నీ ఒకసారి మళ్లీ బిగించాలి, దొర్లుతుంటే వదులవుతాయి. ట్రాలీతో వచ్చిన అలెన్ కీ పారేయకుండా కింద అరకే ఒక రబ్బరు బ్యాండుతో కట్టేయండి. రెండోది వెంట్రుకలు. చక్రం ఇరుసుకు జుట్టు, దారాలు చుట్టుకుని మెల్లమెల్లగా చక్రం తిరగడం మానేస్తుంది. నెలకోసారి ట్రాలీని పడుకోబెట్టి చిన్న కత్తెరతో కోసి లాగేస్తాను. వంటనూనె పోయకండి, జిగురై ఇంకా దుమ్ము పట్టిస్తుంది. సిలికాన్ స్ప్రే కొంచెం చాలు.

ఇక మూలన పడుతుందా అన్నది. నిజం చెప్పాలంటే మాది పడింది. కాలు బాగయ్యాక ఆరు నెలలు దాని మీద ఎవరికి ఏది తోస్తే అది పెట్టారు. పాత బిల్లులు, ఒంటి సాక్సు, రీఫిల్ లేని పెన్నులు. కదపాలంటే ముందు సగం సామాను దించాలి, అందుకని ఎవరూ కదపలేదు. కదలని ట్రాలీ కంటే కదలని అల్మారా నయం, కనీసం ఊగదు. ఒకరోజు కోపం వచ్చి మొత్తం ఖాళీ చేసి, దానికి ఒక్క పనే అప్పగించాను. ఇప్పుడు అది నా కుట్టుపని బండి. సూదులు, దారాలు, కత్తెర, బాగుచేయాల్సిన బట్టలు. పొద్దున వెలుతురు కోసం కిటికీ దగ్గరికి, సాయంత్రం లైటు కిందికి, పని అయిపోతే తలుపు వెనక్కి. రోజుకు మూడు చోట్లు మారుతుంది కాబట్టే శుభ్రంగా ఉంది. మీ అత్తగారు లేచి తిరిగాక దానికి ఏ పని ఇస్తారో ఇప్పుడే అనుకోండి. ఏమీ తట్టకపోతే కొనకండి, తెలిసినవాళ్ల దగ్గర రెండు నెలలకు అడిగి తెచ్చుకోండి.

కొనేముందు టేపు పట్టుకుని ఇంట్లో అన్నిటికంటే ఇరుకు తలుపు వెడల్పు, గడప ఎత్తు, మంచం పక్కన ఖాళీ కొలవండి. వాకర్ తిరగడానికి కావాల్సిన చోటు అందులోంచి తీసేయండి. తర్వాత మీరు చూసిన ట్రాలీ కొలతలంత అట్టపెట్టె ఒకటి ఆ చోట రెండు రోజులు పెట్టి ఉంచండి. ఆవిడ రాత్రి లేచినప్పుడు వాకర్ దానికి తగిలిందా లేదా అన్నది పెట్టె మీద పడ్డ నొక్కులు చూస్తే తెలుస్తుంది.