టెక్ సందేహాలు: బ్రాంచి కోడ్ సరిగ్గానే కొట్టాను, డబ్బు మాత్రం ఇంకెవరికో పోయింది!

మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉంటోంది. ఫీజు 38,500 రూపాయలు నెఫ్ట్ (ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకి పంపే పద్ధతి) చేశాను. వార్డెన్ చీటీ మీద రాసిచ్చిన ఖాతా నంబర్లో 1ని 7 అనుకున్నాను. హాస్టల్ యజమాని పేరు, బ్యాంకు పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ (బ్రాంచి కోడ్) అన్నీ కరెక్టే. అయినా డబ్బు ఎవరికో జమైపోయింది. పేరు కలవనప్పుడు ఆగిపోవాలి కదండీ? – తెనాలి నుంచి ఒక తండ్రి

ఆగిపోవాలనే మనందరం అనుకుంటాం. ఆగదండీ. నెఫ్ట్‌లో గానీ, పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్‌లో గానీ అవతలి బ్యాంకు డబ్బు జమచేసేది ఖాతా నంబరు చూసి మాత్రమే. పేరు కలిసిందా లేదా అని చూడాల్సిన పని దానికి లేదు. నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవాళ్లదే అని రిజర్వు బ్యాంకు 2010లోనే తేల్చి చెప్పింది. మీరు అంత శ్రద్ధగా ఇంటిపేరుతో సహా టైపు చేసిన ఆ గడి ఇన్నేళ్లూ దాదాపు అలంకారమే.

ఇక కోడ్ సంగతి. ఐఎఫ్‌ఎస్‌సీలో మొత్తం 11 స్థానాలుంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకుని చెబుతాయి. ఐదోది ఎప్పుడూ సున్నానే, భవిష్యత్తు అవసరాలకని వదిలిపెట్టారు. చాలామంది అక్కడ ఇంగ్లిష్ అక్షరం 'ఓ' కొట్టి, యాప్ ఒప్పుకోవడం లేదని నాకు ఉత్తరం రాస్తుంటారు. చివరి ఆరూ బ్రాంచివి. ఇవి మామూలుగా అంకెలే అయినా అక్షరాలూ ఉండొచ్చు. తెలంగాణ గ్రామీణ బ్యాంకు కోడ్‌లో స్టేట్ బ్యాంకు నాలుగక్షరాలు, సున్నా, ఆ తర్వాత ఆరూ అక్షరాలే. స్టేట్ బ్యాంకు దాని స్పాన్సర్ కాబట్టి ఆ పేరుతో మొదలవుతుంది. అది చూసి 'తప్పు కోడ్ ఇచ్చారు' అని కంగారుపడనక్కర్లేదు.

అంటే కోడ్ చేసే పని మీ డబ్బుని ఫలానా బ్యాంకు గుమ్మందాకా తీసుకెళ్లడం. లోపల ఎవరి చేతిలో పెట్టాలో చెప్పేది ఖాతా నంబరు. మన ఊరి పోస్ట్‌మ్యాన్ అయితే డోర్ నంబరు తప్పున్నా పేరు చూసి, 'ఓహో, మన మాస్టారుగారిది' అని సరైన ఇంట్లోనే ఇచ్చేవాడు. బ్యాంకు సర్వరుకి మాస్టారుగారు తెలియదు. అందుకే తమాషాగా, అదే బ్యాంకులో వేరే బ్రాంచి కోడ్ కొట్టినా ఖాతా నంబరు సరైనదైతే చాలాసార్లు డబ్బు చేరిపోతుంది. కోర్ బ్యాంకింగ్ (అన్ని బ్రాంచీల ఖాతాలూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలో ఉండటం) వచ్చాక ఖాతా బ్రాంచికి కాదు, మొత్తం బ్యాంకుకి చెందుతుంది కదా. మీ విషయంలో జరిగింది దానికి సరిగ్గా తిరగబడ్డ కేసు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: మీ బ్యాంకుకి ఈరోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అందులో యూటీఆర్ నంబరు, అంటే ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య తప్పనిసరి. నెఫ్ట్‌కి అది 16 స్థానాలుంటుంది, మీ స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ పక్కనే దొరుకుతుంది. మీ బ్యాంకు అవతలి బ్యాంకుకి రాస్తుంది, వాళ్లు ఆ ఖాతాదారుని అడుగుతారు. ఆయన ఒప్పుకుంటే వెనక్కి వస్తుంది. ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను ఆ ఖాతాలోంచి తీసి ఇవ్వదు, ఇక్కడే ఆలస్యమయ్యేది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 14448. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అంబుడ్స్‌మన్ విచారించేది బ్యాంకు నిర్లక్ష్యాన్ని. మన వేలు జారితే దానికి బ్యాంకుని తప్పుపట్టడం కష్టం.

అసలు మీరు కొట్టిన నంబరుతో ఖాతానే లేకపోయుంటే ఇంత గొడవ ఉండేది కాదు. నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా నడుస్తుంది. జమచేయలేని డబ్బుని ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు తిప్పి పంపాలి. ఆలస్యం చేస్తే రెపో రేటు (బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) మీద రెండు శాతం కలిపి వడ్డీ కూడా కట్టాలి.

మళ్లీ పంపేటప్పుడు ఒక కొత్త సౌకర్యం వాడండి. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వగానే అవతలి ఖాతా ఎవరి పేరున ఉందో చూపించాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో ఆదేశించింది. బ్యాంకులకి 2025 ఏప్రిల్ 1 వరకు గడువిచ్చింది. దీనికి రుసుము లేదు. బ్రాంచికి వెళ్లి ఫారం నింపేవాళ్లూ అడగొచ్చు. కొత్త బెనిఫిషియరీని (డబ్బు అందుకునేవారిని) చేర్చేటప్పుడు 'పేరు చూడు' అనే అర్థం వచ్చే బటన్ కనబడుతుంది, చాలామంది దాన్ని దాటేసి ముందుకెళ్లిపోతారు. దాటొద్దు. అక్కడ కనబడేది మీరు టైపు చేసిన పేరు కాదు, అవతలి బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరు. తేడా అంతా అక్కడే ఉంది. హాస్టల్ 'ట్రస్టు' పేరున ఉండి, తెరమీద ఎవరో వ్యక్తి పేరు కనబడితే ఫోన్ చేసి కనుక్కున్నాకే నొక్కండి.

పెద్ద మొత్తమైతే నేను ముందు ఒక్క రూపాయి పంపుతాను. మా ఇంట్లో దీనికి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆన్‌లైన్‌లో సేవింగ్స్ ఖాతా నుంచి చేసే నెఫ్ట్‌కి 2020 జనవరి నుంచి చార్జీ లేదు, ఆ రూపాయితో పోయేదేమీ లేదు. చేరిందని అవతలివాళ్లు చెప్పాక అదే బెనిఫిషియరీకి మిగతాది పంపండి. నంబరు మళ్లీ టైపు చేయొద్దు. చీటీ మీది చేతిరాతనీ నమ్మొద్దు, చెక్కు ఫొటోనో పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోనో అడగండి.

మా నాన్నగారి ఆంధ్రాబ్యాంకు పాస్‌బుక్‌లో ఉన్న కోడ్‌తో అద్దె డబ్బు పంపబోతే కిరాయిదారుకి 'చెల్లని కోడ్' అని వస్తోంది. – మచిలీపట్నం

మీ ఊళ్లో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మొదలుపెట్టిన బ్యాంకు పేరు ఆ కోడ్‌తో సహా చరిత్రలో కలిసిపోయిందండీ. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పాత కోడ్‌లకి మరో ఏడాది గడువిచ్చి ఆపేశారు. బ్రాంచి అదే వీధిలో ఉన్నా కోడ్ ఇప్పుడు యూనియన్ బ్యాంకు అక్షరాలతో మొదలవుతుంది. సిండికేట్ బ్యాంకు పాస్‌బుక్‌లున్నవాళ్లకీ ఇదే పరిస్థితి, అది కెనరాలో కలిసింది. అక్కడ పద్ధతి కాస్త సులువు. చివరి ఆరంకెలకి 10000 కలిపితే కొత్త సంఖ్య వస్తుంది, అంటే 003687 కాస్తా 013687 అవుతుంది. అయినా సొంత లెక్కలు నమ్ముకుని డబ్బు పంపొద్దు. కొత్త పాస్‌బుక్ ముద్రించుకోండి, లేదా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో బ్యాంకు, బ్రాంచి ఎంచుకుని కోడ్ చూసుకోండి. గూగుల్లో వెతికితే వచ్చే కోడ్‌ల సైట్లలో పాత జాబితాలు అలాగే పడి ఉంటాయి.

చెక్కు అడుగున ఉండే తొమ్మిదంకెల ఎంఐసీఆర్ వేరు, అది చెక్కుల క్లియరింగుకి. దాన్ని ఐఎఫ్‌ఎస్‌సీ గడిలో పెట్టొద్దు.

ఓఎల్‌ఎక్స్‌లో సోఫా అమ్ముతున్నాను. కొనేవాళ్లు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ అడుగుతున్నారు. ఇస్తే డబ్బు లాగేస్తారా? – వరంగల్ నుంచి ఒక గృహిణి

ఆ రెండింటితో డబ్బు వేయగలరు గానీ తీయలేరమ్మా. మనం ఎవరికి చెక్కు ఇచ్చినా ఆ రెండూ దానిమీదే ముద్రించి ఉంటాయి. ప్రమాదం ఆ తర్వాతి మాటలో ఉంటుంది: 'క్యూఆర్ పంపాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది.' డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ అడిగారంటే పోయేది మీదే. 'మీ ఐఎఫ్‌ఎస్‌సీ మారింది, అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి' అనేవాళ్లూ ఇదే బాపతు. కోడ్ మారితే మార్చుకునేది బ్యాంకు, అందులో మీ ఓటీపీకి పనేముంది? పొరపాటున చెప్పేసుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు తెరిచేదాకా ఆగొద్దు. డబ్బు ఇంకో ఖాతాకి దూకేలోపే పట్టుకోవాలి.

డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడి బ్యాంకు స్విఫ్ట్ కోడ్ అడుగుతోంది, అమ్మ పంపిన పాస్‌బుక్‌లో ఐఎఫ్‌ఎస్‌సీ మాత్రమే ఉంది. రెండూ ఒకటేనా?

కాదు. ఐఎఫ్‌ఎస్‌సీ మన దేశంలోపల తిరిగే డబ్బుకి. విదేశం నుంచి బ్యాంకు వైర్ చేసేటప్పుడు, అంటే నేరుగా బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపేటప్పుడు స్విఫ్ట్ కావాలి. అది 8 లేదా 11 స్థానాలుంటుంది. 11 ఉన్నప్పుడే తికమక. ఐదో స్థానం చూడండి. సున్నా ఉంటే ఐఎఫ్‌ఎస్‌సీ, అక్కడ 'ఐ', పక్కన 'ఎన్' ఉంటే మన దేశపు స్విఫ్ట్. అన్ని బ్రాంచీలకీ సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు, అమ్మగారి బ్రాంచికి ఏది వాడాలో అక్కడే అడిగించండి. వైర్ కాకుండా డబ్బు పంపే యాప్‌లు వాడితే అవి చాలావరకు ఐఎఫ్‌ఎస్‌సీనే అడుగుతాయి.