ఆర్మీ కాల్పుల్లో మామూలు జనం చనిపోతే బయటివాళ్ళు విచారణ చేయొచ్చా?

ప్రశ్న: మేడమ్, నాగాలాండ్‌లో ఓటింగ్ అనే ఊరి దగ్గర బొగ్గు గని కూలీల్ని ఆర్మీ కాల్చి చంపిన కేసు గురించి చదివాను. ఇలాంటివాటి మీద పనిచేసే నిజ నిర్ధారణ టీమ్‌తో వెళ్దామనుకుంటున్నాను. మా రిపోర్టుకి కోర్టులో విలువ ఉంటుందా? కేంద్రం పర్మిషన్ ఇవ్వకపోతే ఇంక అంతేనా? – ఎల్‌ఎల్‌బీ స్టూడెంట్, వరంగల్

జవాబు: ముందు పర్మిషన్ సంగతి చెప్తా, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం సెక్షన్ 6 ప్రకారం ఆర్మీవాళ్ళ మీద కోర్టులో కేసు నడపాలంటే కేంద్రం పర్మిషన్ కావాలి, అంటే అది ఆపేది ప్రాసిక్యూషన్‌ని, దర్యాప్తుని కాదు. ఓటింగ్‌నే చూడండి, 2021 డిసెంబర్ 4 శనివారం సాయంత్రం, గనిలో పని ముగించుకుని పికప్‌లో ఇంటికి వస్తున్న ఎనిమిది మందిలో ఆరుగుర్ని కాల్చేశారు, తర్వాత జరిగిన గొడవలూ కాల్పులూ కలిపి మొత్తం 14 మంది పౌరులు పోయారు. బండి ఆపమంటే ఆపలేదని హోంమంత్రి పార్లమెంటులో చెప్పారు, ప్రాణాలతో బయటపడ్డ కుర్రాడు మమ్మల్ని ఆపమని ఎవరూ అడగలేదన్నాడు. రాష్ట్ర పోలీసుల సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) కేంద్రం పర్మిషన్ లేకుండానే దర్యాప్తు చేసి 30 మంది ఆర్మీవాళ్ళ మీద ఛార్జిషీటు వేసింది. 2023లో కేంద్రం పర్మిషన్ ఇవ్వనంది, 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కేసు క్లోజ్ చేసింది, కానీ పర్మిషన్ వస్తే మళ్ళీ నడపొచ్చని కూడా చెప్పింది. ఆ కుటుంబాలకి ఇది న్యాయం కాదు, నాకు చాలా బాధేస్తుంది. అయినా సేకరించిన సాక్ష్యం ఎక్కడికీ పోలేదు.

మరి జాతీయ మానవ హక్కుల కమిషన్ చూసుకోదా అంటారేమో, 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 19 ప్రకారం సైన్యం మీద ఫిర్యాదు వస్తే కమిషన్ సొంతంగా దర్యాప్తు చేయలేదు, కేంద్రాన్ని రిపోర్టు అడిగి సిఫార్సు చేయడం వరకే. అందుకే బయటివాళ్ళ పని ఇంత అవసరం.

మీ రిపోర్టు దానంతటదే సాక్ష్యం అవదు, కానీ కోర్టుని కదిలించగలదు. మణిపూర్‌లో బాధిత కుటుంబాలూ ఒక హక్కుల సంఘం కలిసి బలగాలు బూటకపు ఎన్‌కౌంటర్లలో చంపేశాయంటూ 1,528 మంది చావుల లిస్టు పట్టుకుని 2012లో సుప్రీంకోర్టుకెళ్ళారు. కోర్టు జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ వేసి మచ్చుకి ఆరు కేసులు చూడమంది, ఆరూ నిజమైన ఎన్‌కౌంటర్లు కావని తేలింది. అందులో ఒకడు 12 ఏళ్ళ పిల్లాడు, ఫ్రెండుతో కలిసి వరండాలో పేపర్ చదువుకుంటుంటే లాక్కెళ్ళి కాల్చారని ఇంట్లోవాళ్ళు చెప్పారు. 2017లో సీబీఐ దర్యాప్తుకి ఆర్డర్ వచ్చింది.

ఇక మీరు వెళ్తే చేయాల్సింది. నేను చూసిన ఒక రిపోర్టులో ఇరవై పేజీలు ఖండనలే, సాక్షి మాట ఒక్క పేజీ, కోర్టులో అది నిలబడలేదు. సాక్షి చెప్పింది వాళ్ళ భాషలోనే రికార్డు చేయండి, ఎవరు ఎక్కడ నిలబడి చూశారో, శవాన్ని ఎవరు ఎన్ని గంటలకి తీసుకెళ్ళారో రాయండి. ఖాళీ తూటాలు కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీయండి. పోస్ట్‌మార్టం రిపోర్టు కాపీ కుటుంబం చేతే అడిగించండి. సాక్షుల పేర్లు మాత్రం వాళ్ళు ఒప్పుకోకుండా బయటపెట్టొద్దు, మీరు బస్సెక్కి వచ్చేస్తారు, వాళ్ళు అక్కడే బతకాలి. మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్ళాలి, కాబట్టి మీ రిపోర్టు పూర్తయ్యేదాకా ఆగకుండా ముందు కుటుంబం సంతకంతో అది పంపించేయండి.