టెస్ట్ సెక్షన్లు వేయించబోతున్న నీకు

అమ్మాయీ,

ఒక్కో మిక్స్‌తో ఒక్కో తారు రోడ్డు ముక్క వేసి పోల్చి చూసే ఎనిమిది టెస్ట్ సెక్షన్ల పని నీ చేతికి వచ్చిందని విని సంతోషించాను. మిక్స్ డిజైన్ (తారు, రాళ్ల పాళ్లు) గురించి నీకు చెప్పేంతవాణ్ణి కాను. సైట్ సంగతులు మాత్రం కొన్ని చెప్తాను.

ముందు కాంట్రాక్టర్‌తో తీరిగ్గా కూర్చో. అతనికి టన్నుల లెక్కన డబ్బు వస్తుంది, ఆగకుండా పరుచుకుంటూ పోతేనే లాభం. నీకేమో సెక్షన్ సెక్షన్‌కీ పేవర్ (మిక్స్ పరిచే యంత్రం) ఆగాలి, మిక్స్ మారాలి. ఆ ఆగే టైముకి టెండర్‌లోనే డబ్బు పెట్టకపోతే రోజూ గొడవే.

సెక్షన్ల మధ్య కొంత జాగా వదిలెయ్. మిక్స్ మారినా పేవర్ హాపర్‌లో (మిక్స్ పోసే తొట్టిలో) పాతది మిగిలే ఉంటుంది, మొదటి కొన్ని మీటర్లు రెండూ కలిసిపోతాయి. అక్కడ కోర్లు (పరీక్షకి రోడ్డులోంచి కోసి తీసే గుండ్రటి ముక్కలు) తీస్తే ఏం లాభం? సెక్షన్ పొడవు గురించి బెంగ వద్దు, అమెరికాలో అలబామాలోని ఎన్‌క్యాట్ అనే తారు రోడ్ల పరీక్షా ట్రాక్‌లో 46 సెక్షన్లు, ఒక్కోటీ 200 అడుగులే.

తారు పడకముందే సబ్‌గ్రేడ్ (రోడ్డు అడుగు నేల) మీద ఎఫ్‌డబ్ల్యూడీ (బరువు పడేసి ఎంత కుంగుతుందో కొలిచే యంత్రం) తిప్పించు. ప్రతి పొరకీ ముందూ తర్వాతా అవే పాయింట్ల దగ్గర లెవెల్స్ (ఎత్తులు) తీయించు. పలచటి రోడ్డులో ఒక్క సెంటీమీటరు మందం తేడా రెండు మిక్స్‌ల తేడాని మింగేయగలదు.

స్ట్రెయిన్ గేజ్‌ల (బరువు కింద రోడ్డు ఎంత సాగుతుందో కొలవడానికి లోపల పెట్టే పరికరాల) దగ్గర మాత్రం నువ్వే మోకాళ్ల మీద కూర్చో. వైర్లు ముందురోజే గాడిలో పరిచి కాస్త వదులుగా ఉంచు. పేవర్ వచ్చే ముందు అదే టిప్పర్‌లోంచి కాస్త మిక్స్ తీసి, పెద్ద రాళ్లు జల్లెడ పట్టేసి, ఆ సన్నదాన్ని గేజ్ చుట్టూ పోసి మెల్లగా నొక్కు. టిప్పర్ టైరు దాని మీదికి ఎక్కనివ్వకు. రోలర్ తొలి పాస్ వైబ్రేషన్ లేకుండా వెళ్లాలి. అలాగని గేజ్ చచ్చిపోతుందన్న భయంతో అక్కడ రోలింగ్ తగ్గించకు, అప్పుడు అది కొలిచేది వేరే రోడ్డుని. పేవర్ దాటాక, రోలింగ్ అయ్యాక, మర్నాడు పొద్దున రీడింగ్ చూసుకో. నాలుగు కావాలంటే ఆరు పెట్టు, ఎలాగూ కొన్ని పోతాయి.

ఇక నా తప్పు ఒకటి. ఓసారి టిప్పర్ నలభై నిమిషాలు ఆలస్యమైంది. మిక్స్ చల్లారిపోయి, 7 శాతం అనుకున్న ఎయిర్ వాయిడ్స్ (లోపల మిగిలే గాలి ఖాళీలు) 10 దాటాయి. చిన్న విషయమేలే అని రిపోర్టులో రాయలేదు. రెండేళ్లకి ఆ సెక్షనే అన్నిటికన్నా ముందు పగిలింది, నేరమంతా బైండర్ (రాళ్లని అంటించే తారు) మీద పడింది. చివరికి టిప్పర్ల టైములు రాసిన కుర్రాడి నోట్‌బుక్ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. తల ఎత్తుకోలేకపోయాను.

అందుకే ఒక మనిషిని రాయడానికే పెట్టు. టిప్పర్ నంబరు, ప్లాంట్ వదిలిన టైము, పేవర్ వెనక టెంపరేచర్, ఏ చైనేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం) నుంచి ఏ చైనేజీ దాకా పరిచారో. అతనికి ఇంకే పనీ చెప్పకు, టీ తెమ్మని కూడా పంపకు.

కోర్ల డెన్సిటీలు రాగానే నాకు పంపు. బాగున్నవే కాదు, అన్నీ.